బావ చెప్పని వైపు

మా చెల్లెల్ని చేసుకోకముందు నుంచే బావ నాకు తోటి పనివాడు. మాది కొత్తపేట పక్కన చిన్న ఊరు. మా నాన్నగారు ఊళ్ళో షెడ్డు వేసుకుని గుమ్మాలు, కిటికీలు చేసేవారు. ఇద్దరం ఆయన దగ్గరే ఉలి పట్టేం. ఉలి ఎలా నూరాలి, చెక్క ఎటు చీలుతుంది, టేకు లోపల ఎండిందో లేదో ఎలా తెలుసుకోవాలి, అన్నీ నాకెంత చెప్పేరో బావకీ అంతే చెప్పేరు. ఒక్కోసారి బావకే ఇంకాస్త ఓపిగ్గా చెప్పేవారు. నాకు అందులో తప్పేమీ కనపడలేదు.

డెబ్భైల చివర్లో బావ మస్కట్ వెళ్ళేడు. అక్కడున్న ఆరేడేళ్ళూ షెడ్డు నేనే నడిపేను. నాన్నగారు పోయేక కూడా, ఎవరైనా "షెడ్డు ఇప్పుడు మీదేనాండీ?" అంటే, "మా ఇద్దరిదీనండి, మా బావ వచ్చేస్తాడు" అనే చెప్పేవాణ్ణి.

అన్నట్టే వచ్చేడు. పెట్టె విప్పితే పైన చీరలు, టేప్‌రికార్డరు, అడుగున తువ్వాల్లో చుట్టిన రౌటర్ మిషను. మధ్యలో మోటారు, అటూ ఇటూ పట్టుకోడానికి పిడులు, కింద గిర్రున తిరుగుతూ చెక్కని కోసే బిట్టు. నేను ఉలితో పొద్దున్నించి సాయంత్రం దాకా తీసే అంచు నగిషీని అది భోజనాల వేళకి తేల్చేసేది. దాని కూతకి మొదటిరోజు సగం వీధి మా షెడ్డు ముందే నిలబడింది.

"నాకూ నేర్పు బావా" అన్నాను.

"ఆయ్, నీకు కాక ఎవరికి నేర్పుతాను?" అన్నాడు.

నేర్పేడు కూడా. ప్లగ్గు పీకకుండా బిట్టు మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. బిట్టు కాడని లోపలికంటా దింపి, పిసరంత పైకి లాగి, రెండు స్పానర్లతో బిగించమన్నాడు. చెక్కని బల్లకి బిగించాకే పని మొదలెట్టాలి. లోతు ఒక్కసారే తియ్యకూడదు, నాలుగు విడతల్లో దింపుకోవాలి. మోటారు పూర్తిగా ఆగేదాకా మిషను ఎత్తకూడదు. నేను ప్రతీదీ మళ్ళీ అప్పజెప్పేను. చివర్న అడిగేను.

"ఎటునుంచి ఎటు నడపాలి బావా?"

"ఎటైనా ఒకటే. చేతికి ఎలా వాటంగా ఉంటే అలా" అన్నాడు.

అతను అంచు తీసే వేళకి నాకు ఎప్పుడూ ఏదో ఓ పని పడేది. మేకులు తెమ్మనేవాడు, టీ చెప్పి రమ్మనేవాడు. తిరిగొచ్చేసరికి అంచు అయిపోయి ఉండేది. ఇది నాకు ఆ తర్వాత ఎప్పుడో తట్టింది. అప్పుడు మాత్రం ఉత్సాహంగా టీకి వెళ్ళేవాణ్ణి.

ఆ యేడు పలివెల వైపు ఒక చర్చికి, పాస్టరుగారు నిలబడి ప్రసంగం చేసే పుల్పిట్ చేసే పని వచ్చింది. సంఘంలో ఒక పెద్దావిడ, ఓ బడి మాస్టారి భార్య, చనిపోయిన తన భర్త రాసుకునే టేకు బల్ల ఇచ్చేరు. దాని పైచెక్కే పుల్పిట్‌కి ముందు పలక అవ్వాలని ఆవిడ కోరిక. ఎక్కడా అతుకు లేని ఒకే చెక్క. ఓ మూల సిరా మరక ఉంటే, అది తీసెయ్యొద్దని కూడా చెప్పేరు.

అంచు తియ్యాల్సిన రోజు బావకి అమలాపురంలో పని పడింది. "నువ్వు కానిచ్చెయ్ బావా, వచ్చేసింది కదా నీకు" అని సైకిలెక్కేడు.

చెక్క బిగించేను. బిట్టు బిగించి రెండుసార్లు చూసుకున్నాను. చిత్రిక పట్టేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే పోతుంది. చిన్నప్పటి నుంచీ అదే వాటం. ఎటైనా ఒకటే అన్నాడు కదా అని మిషనూ అలాగే నడిపేను. జానెడు దూరం కూడా వెళ్ళలేదు. తోలకుండానే పరుగెత్తే ఎద్దులా అది నా చేతుల్ని లాక్కుంటూ ఎడమకి ఉరికింది. ఆపబోయి ఒక పిడి వదిలేను. అంచు మీంచి ఎగిరి, నా ఎడమ చూపుడువేలిని తగులుకుని కింద పడి కూడా తిరుగుతూనే ఉంది. కాలితో వైరు లాగి ప్లగ్గు ఊడబీకేను. మాస్టారి బల్ల అంచు బెత్తెడు పొడుగునా పెళ్ళలుగా లేచిపోయింది. వేలి కంటే ముందు దాన్నే చూసేను.

కుట్లు పడ్డాయి. మర్నాడు పాస్టరుగారూ, ఆ పెద్దావిడా చూడ్డానికి వచ్చేరు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. విరిగిన అంచుని కొంగుతో తుడిచి, "చెయ్యి ఎలా ఉంది బాబూ?" అని మాత్రం అడిగేరు. బావ పక్కనే నిలబడి, "కొత్త చెయ్యి కదండీ, మిషను అందరికీ పడదండి. ఇక నుంచి నేనే చూసుకుంటానండి" అన్నాడు. పాస్టరుగారు తలూపేరు. నేనూ తలూపేను. తప్పు నాదేననుకున్నాను.

వారం తర్వాత చెల్లెలు మా ఇంటికి వచ్చింది. పరుపు కింద దొరికిందని ఓ చిన్న పుస్తకం ఇచ్చింది. "ఆ మిషనుదే లాగుంది అన్నయ్యా. బొమ్మలున్నాయి. నీకు పనికొస్తుందేమో చూడు."

మిషనుతో పుస్తకం ఏదీ రాలేదని బావ మొదట్లోనే చెప్పేడు. తెరిచేను. నాలుగో పేజీలో చెక్క అంచు బొమ్మ, దాని పక్కన ఎడమ నుంచి కుడికి బాణం గుర్తు. ఎదురువైపు బాణం మీద పెద్ద ఇంటూ కొట్టి ఉంది. దాని కింద పెన్సిలుతో తెలుగులో రాసుంది: "అంచు ఎదురుగా నిలబడితే ఎడమ నుంచి కుడికే. ఇటు తోస్తే మీదకి దూకుతుంది."

అది బావ దస్తూరీ. ఆ "డ" నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును.

పుస్తకం మూసేసేను. వేలు సలుపుతోంది. చెల్లెలు "ఏమైంది?" అంటే ఏమీ లేదన్నాను. పుస్తకం ఎక్కడ తీసిందో అక్కడే పెట్టెయ్యమన్నాను. నా మూలంగా దాని కాపురంలో గొడవ రాకూడదు.

మర్నాడు షెడ్డులో బావని అడిగేను. పుస్తకం మాట ఎత్తలేదు.

"నిజం చెప్పు బావా. ఎటు నడపాలో ఒక పద్ధతంటూ ఉందా?"

అతను చిత్రిక ఉలి నూరుతున్నాడు. తలెత్తలేదు. "నాకు మాత్రం ఎవరు చెప్పేరు? చెయ్యగా చెయ్యగా వచ్చింది" అన్నాడు.

మొదటి అబద్ధానికి నా వేలు తెగింది. రెండోది విని షెడ్డు బయటికి నడిచేను. అడిగినప్పుడు ఒప్పేసుకుని ఉంటే, నాకూ వచ్చేస్తే తన పని పోతుందని భయపడి చెప్పలేదంటే, క్షమించేసేవాణ్ణేమో. మా నాన్నగారి రాయి మీద ఉలి నూరుతూ ఆ మాట అన్నాడు.

ఆ నెలాఖరుకి నా పనిముట్లు మూటగట్టుకుని మా ఇంటి చూరు కిందికి వచ్చేసేను. "ఎందుకండీ విడిపోయేరు?" అని ఊళ్ళో చాలామంది అడిగేరు. స్థలం చాలట్లేదని చెప్పేను. చెల్లెలు మాత్రం ఏమీ అడగలేదు. దానికి ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

పాడైన అంచు మేరకి చెక్క కురచ చేసి పుల్పిట్ బావే ముగించేడు. ఆ కోతలో సిరా మరక ఉన్న మూల కూడా పోయింది. ప్రతిష్ఠ రోజు పెద్దావిడ ముందు వరసలో కూర్చుని, పలకలో ఆ మరక కోసం వెతకడం చూసేను. నేను వెనకాల నిలబడి ఉన్నాను. దగ్గరికెళ్ళి అంతా చెప్పేద్దామని రెండడుగులు వేసేను కూడా. ఈలోగా బావని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పేరు. అందరూ చప్పట్లు కొట్టేరు. నా చేతికి ఇంకా కట్టు ఉంది. అయినా కొట్టేను.