రాయప్ప స్వామి మోగించిన గంట

అనంతపురం పాతూరులో ఎవరైనా అరుగు మీద కూర్చుని విత్తనం శనక్కాయలు వలుస్తుంటే, ఆ చిటపటలకు నా కాళ్ళు ఆగిపోతాయి. బెళుగుప్ప దగ్గరి మా ఊరు, వేళ్ళు పొక్కేదాకా కాయలు వలిచిన మా ఇల్లు, వాటి వెనకే మా చర్చిని చూసుకునే విచారణ గురువు రాయప్ప స్వామి గుర్తొస్తారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం చర్చి దాటి రోడ్డు మీది బస్సు దాకా వినిపించేది. నాకు వాదించడం నేర్పింది ఆయనే. వాదనలో ఓడిపోవడమూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా నాయన ఒక పాడుపని చేశాడు. గట్టు తగాదాలో చిన్నాయన మీద కోపం పెంచుకుని, కాయ ఊరుతున్న ఆయన వేరుశనగ చేనులోకి మా గొర్రెల మందను తోలాడు. పొద్దెక్కేసరికి చేను బోడి. ఆ దెబ్బకు చిన్నాయన ఎద్దుల్ని అమ్ముకున్నాడు. రెండిళ్ళకూ మాటలు తెగిపోయాయి. కొన్నాళ్ళకు నాయన పాపసంకీర్తనానికి వెళ్ళి, స్వామి ముందు మోకరించి తప్పు చెప్పుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా! స్వామే మన్నించారు, ఇక ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని వీధంతా చాటుకున్నాడు. మొండితనంలో మా ఇంటివాళ్ళను మించినవాళ్ళు లేరు లెండి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్నట్టుందని చిన్నమ్మ మండిపడింది. ఆదివారం పూజ ముగిసి జనం ఇంకా మెట్ల మీదే ఉండగా స్వామికి అడ్డంగా నిలబడింది.

"మా చేను మేపించినోన్ని మన్నించేదానికి మీరెవరు సామీ?"

నాకూ అదే అనుమానం. హాస్టల్లో నా స్నేహితురాలు, వేరే క్రైస్తవ సంఘం పిల్ల, పాపాలు దేవుడు తప్ప మనిషి మన్నించలేడని రోజూ నాతో వాదించేది. స్వామి ఏం చెబుతారా అని చెవులు రిక్కించాను. ఆయనకు కోపం రాలేదు. ఎవరు తన చెవిలో ఏం చెప్పుకున్నా అది తనతోనే మట్టిలో కలుస్తుందని ముందే అనేశారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు.

"దేవుని పేరు మీద మన్నించే అధికారం నాకుండాది మా. అది నా సొంతం కాదు, ఏసుస్వామి ఇచ్చింది. నీ పేరు మీద మన్నించే అధికారం నాకు యాడిది? అది నీ చేతిలోనే ఉండాది. కావల్లంటే ఎవురైనా నీ వాకిట్లోకే రావల్ల."

నాయన అక్కడే ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆ వారంలోనే మళ్ళీ స్వామి దగ్గరికి వెళ్ళాడు. ఏం ప్రాయశ్చిత్తం వేశారో నాయన చెప్పలేదు, నేను అడగలేదు.

కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాక వాన పడింది. మా నేలలో తడి రెండు మూడు రోజులే నిలుస్తుంది. ఆ పదునులో విత్తనం పడకపోతే ఆ ఏడు గతి అంతే. అందుకే ఎద్దులున్నవాడు ముందు తన చేను విత్తుకుంటాడు, మిగతావాళ్ళు ఆ తర్వాతే. అలాంటిది నాయన కాడి కట్టి, మా విత్తనాల గంప నా నెత్తిన పెట్టి, చిన్నాయన చేను వైపు మళ్ళాడు. మన పదును ఆరిపోతుందని అమ్మ మొత్తుకుంది. "ఆరనీ" అన్నాడు, అంతే.

నాయన గట్టు మీద నిలబడి, తప్పు తనదేనని, మన్నించమని చేన్లో ఉన్న చిన్నాయననూ చిన్నమ్మనూ అడిగాడు. చిన్నమ్మ కొంగు నడుముకు బిగించి నా నెత్తి మీది గంప దించుకుంది. ఆమె గొర్రు వెనకాల విత్తనం పోస్తుంటే చిన్నాయన ఎద్దుల పక్కన నడిచాడు. మధ్యాహ్నం సంగటి ముద్ద నాయన ముందుకు జరిపింది.

"తిను బావా. మన్నించినాంలే."

నాయన ముద్ద పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అటుగా సైకిల్ మీద వెళుతున్న స్వామి ఆగి అంతా చూశారు. సైకిల్ తిప్పి చర్చికి తొక్కారు. కాసేపటికే గంట మొదలైంది. పనిదినం, మిట్టమధ్యాహ్నం! ఎవరో చనిపోయారనుకుని జనం చేలల్లోంచి పరిగెత్తారు. మేమూ పరిగెత్తాం.

"ఎవరు పోయినారు సామీ?" అని చిన్నాయన అడిగాడు.

"ఎవురూ పోలేదప్పా. ఒకడు బతికినాడు."

మరునాడు తెల్లారేసరికి చిన్నాయన ఇంటిల్లిపాదీ మా చేన్లో ఉన్నారు. పదును ఆరకముందే మాదీ విత్తేశాం.

స్వామి ఇప్పుడు లేరు. పాపాలు మన్నించే అధికారం గురువులకు ఉందా అని ఎవరైనా అడిగితే, ఉందనే గట్టిగా చెబుతాను, వాదనకూ దిగుతాను. కానీ పాపసంకీర్తనానికి వెళ్ళే ముందు, నా నోటి దురుసుకు నొచ్చుకున్న మనిషి ఇంటి తలుపు తడతాను. ఆ తలుపు తెరుచుకునేదాకా ఉండే భయం ఇన్నేళ్ళయినా తగ్గలేదు. లోపలికి రమ్మన్న ప్రతిసారీ మాత్రం, లోకాన్నే గెలిచినట్టు ఉంటుంది.