కొత్త రైఫిల్లో ఖాళీ తూటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు పెట్టని పేరు లేదు. మా అమ్మ అయితే కాలుగాలిన పిల్లి అనేది. కూర తరుగుతూ సగంలో లేచి వీధిలోకి పరిగెత్తేదాన్నట, జడ వేస్తుంటే మెడ తిప్పేసేదాన్నట, కంచం ముందు కూర్చున్నా కాళ్ళు ఊపడం మానేదాన్ని కాదట. అట అంటున్నాను గానీ అన్నీ నిజాలే. ఇప్పటికీ అంతే. అరవై దాటినదాన్ని, టాటానగర్ కద్మాలో మా ఇంట్లో పొయ్యి మీద టీ పెట్టి, అది మరిగేలోపు రెండుసార్లు గేటు దాకా వెళ్ళొస్తాను. అలాంటిదాన్ని తుపాకీ వెనక బోర్లా పడుకోబెట్టి కదలకుండా ఉండమన్న మొనగాడు మా మావయ్య.

మావయ్య అంటే అమ్మకి సొంత తమ్ముడు. కొన్నాళ్ళు పట్టాళంలో పనిచేసి వచ్చి, మా నాన్న పనిచేసే ఉక్కు కంపెనీలోనే సెక్యూరిటీలో చేరాడు. ఆదివారాలు రైఫిల్ క్లబ్బులో పిల్లలకి గురి నేర్పేవాడు. ఆడపిల్లలం కొద్దిమందిమే ఉండేవాళ్ళం. దగ్గర గురికి వాడే చిన్న రైఫిల్‌తో నాది మంచి చెయ్యి. దాని చప్పుడు దీపావళి టపాకాయ పాటి కూడా ఉండదు. రోజు మొత్తంలో నేను కుదురుగా ఉండే సమయం ఏదైనా ఉందంటే అదొక్కటే. అందుకే కాబోలు, అమ్మ కూడా వద్దనలేదు.

నేను హైస్కూల్లో ఉండగా ఒక ఏడు చలికాలం ముందు క్లబ్బుకి కొత్త రైఫిల్ వచ్చింది. చెక్కపెట్టె మూత తీయగానే గ్రీజు వాసన గుప్పున కొట్టింది. అది దూరపు గురికి పనికొచ్చేది, బరువైనది, పేలితే భుజాన్ని గుద్దేది. ఢిల్లీలో పోటీలున్నాయనీ, దూరపు గురికి ఒక ఆడపిల్లని పంపుతారనీ, ఈ కొత్త రైఫిల్‌తో ఎవరు బాగా కొడితే వాళ్ళే వెళ్తారనీ మావయ్య చెప్పాడు. ఇంకేముంది, నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నేను చూసిన లోకమంతా టాటానగర్ స్టేషన్ నుంచి ఆముదాలవలస స్టేషన్ దాకానే. వేసవి సెలవులకి ఆ రైలెక్కడం, తాతగారి ఊరు వెళ్ళడం, తిరిగి అదే రైలెక్కి రావడం. ఎవరూ తోడు లేకుండా, నా పేరు మీద, నా చేతిసత్తువ మీద ఒక కొత్త ఊరికి వెళ్ళాలని నాకెంత కోరికో మాటల్లో చెప్పలేను. వెళ్ళకపోతే చచ్చిపోతాననుకున్నాను. ఆ వయసులో అన్నిటికీ చచ్చిపోతామనుకుంటాం లెండి.

దూరపు గురికి ఊళ్ళో చోటు లేదు. నది దాటి, దల్మా కొండ కింద మైదానానికి వెళ్ళాలి. కొండ వైపు మట్టికట్ట, దాని ముందు బోర్డులు. మూడు వందల గజాల దూరం నుంచి ఆ బోర్డు పోస్టుకార్డంత కనిపించింది. మొదటి గుండు పేల్చాను. బోర్డుకి చాలా ఇవతల నేల మీద దుమ్ము లేచింది. రెండోదీ అంతే. మూడోది ఎక్కడికి పోయిందో ఆ కొండకే తెలియాలి. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. రైఫిల్ బాగాలేదన్నాను. గొట్టం వంకరన్నాను, పెట్టెలో వస్తూ వస్తూ దెబ్బ తగిలి ఉంటుందన్నాను. ఇంటికొచ్చి అదే చెబితే అమ్మ చేట పక్కన పెట్టి, ఆడలేక మద్దెల ఓడు అంది. ఆ రోజు నేను అమ్మతో మాట్లాడలేదు.

మావయ్య మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి ఆదివారం, రైఫిల్‌లో లోపమేదో చూద్దాం, నేను తూటా పెడతాను, నువ్వు మాత్రం పేల్చు అన్నాడు. తూటా పెట్టేటప్పుడు నన్ను కొండ వైపు మొహం తిప్పుకోమన్నాడు. ఎందుకని అడిగితే కుదురు లేని పిల్లలకి ఇదే పద్ధతన్నాడు. నిజమనుకున్నాను. మొహం తిప్పాను, ఆయన తూటా పెట్టాడు, నేను పేల్చాను. మళ్ళీ దుమ్మే. మళ్ళీ మొహం తిప్పాను. ఈసారి బుగ్గ ఆనించి, ఊపిరి బిగపట్టి, ట్రిగ్గర్ నొక్కాను.

టక్కుమంది, అంతే. చప్పుడు లేదు, భుజం మీద గుద్దు లేదు. కానీ రైఫిల్ ముక్కు మాత్రం జానెడు కిందికి దిగిపోయి గడ్డిని తాకింది. నా కళ్ళు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. అవి ఎప్పుడు మూసుకున్నానో నాకే తెలియదు.

"ఏటే గుంటా, తూటా నేకండానే తుపాకీ ఎందుకు తల దించీసింది?" అన్నాడు మావయ్య.

ఆయన పెట్టింది ఖాళీ తూటా, మందూ గుండూ లేని ఉత్త డొల్ల. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. పేలబోతుందనీ, భుజం అదురుతుందనీ ముందే భయపడి, ఆ దెబ్బేదో తగలకముందే నేనే రైఫిల్‌ని కిందికి తోసేస్తున్నాను. గొట్టం వంకర కాదు, వంకరంతా నాదే. మావయ్య నవ్వలేదు. పట్టాళంలో తనకీ ఒక హవల్దారు ఇలాగే చేశాడనీ, తను ఖాళీ తూటాకే అదిరిపడి నేల మీద దొర్లాడనీ చెప్పాడు. ఆ మాటతో నా చెవులు కాస్త చల్లబడ్డాయి.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అదే ఆట. ఏది నిజం తూటానో, ఏది ఖాళీదో నాకు చెప్పేవాడు కాదు. మొదట్లో చెప్పమని బతిమాలేదాన్ని, తగువు పెట్టుకునేదాన్ని. తెలుసుకోవాలని లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. రానురాను ఏదైతే నాకేంటి అనిపించింది. పేలితే పేలుతుంది, లేకపోతే లేదు, అప్పుడు చూసుకుందాం అనిపించిన రోజున ముక్కు కదలలేదు. పోటీకి పిల్లని ఎంచుకున్న రోజున బోర్డు మీద చిల్లులన్నీ నల్లచుక్క చుట్టూనే పడ్డాయి. నన్నే ఎంచుకున్నారు.

ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. విషయం విని తల కూడా ఎత్తలేదు.

"ఆడగుంటకి డిల్లీ ఏటి? వద్దు" అన్నాడు.

మా నాన్న మంచివాడు. రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెలు పక్క నుంచి దూసుకుపోతుంటే రెప్ప వెయ్యని మనిషి. కానీ నా విషయానికి వచ్చేసరికి ఆయన దగ్గర వద్దుకి వంద కారణాలున్నాయి. రైల్లో ఏమన్నా అయితే, అక్కడి చలికి జ్వరం వస్తే, దారి తప్పితే, ఊళ్ళో పెదనాన్న వాళ్ళకి తెలిస్తే. అమ్మ చెప్పి చూసింది. నేను అన్నం మానేశాను. గదిలోంచి గుమ్మానికీ, గుమ్మంలోంచి గదికీ తిరుగుతూనే ఉన్నాను. పేరు ఖాయం చెయ్యడానికి గడువు దగ్గర పడుతోంది, ఆయన మాత్రం దిగి రాలేదు.

మావయ్య వాదన పెట్టుకోలేదు. ఆదివారం పొద్దున్నే వచ్చి, బావా, కొత్త రైఫిల్ ఒకసారి పేల్చి చూద్దువు గాని రా అన్నాడంతే. ఇనుము పేరెత్తితే నాన్న ఆగలేడు. ముగ్గురం సైకిళ్ళ మీద దల్మా కిందికి వెళ్ళాం. నాన్న బోర్లా పడుకున్నాడు. మావయ్య కొండని చూడమన్నాడు, నాన్న చూశాడు. అప్పుడర్థమైంది నాకు. పక్కకి వెళ్ళి నిలబడమన్నా నిలబడలేక గడ్డి పీకుతూ కూర్చున్నాను.

మొదటిది పేలింది, దుమ్ము లేచింది. నాన్న భుజం తడుముకున్నాడు. రెండోసారి టక్కుమంది. రైఫిల్ ముక్కు వెళ్ళి గడ్డిలో గుచ్చుకుంది. ఉక్కు దిమ్మెలకి బెదరని మా నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

మావయ్య ఆయన పక్కన గొంతుక్కూర్చుని, నెమ్మదిగా అన్నాడు. "తూటా నేదు బావా. గుంట ఇంకా రైలే ఎక్కనేదు."

నాన్న లేచి చొక్కా దులుపుకున్నాడు, నా వైపు చూడలేదు. సైకిలెక్కి మాకంటే ముందు తొక్కుకుంటూ వెళ్ళాడు. మావయ్య తన క్వార్టరు వైపు మళ్ళిపోయాడు. ఆయన చేసిన పని చెడిందనే అనుకున్నాను. ఇంటికి వచ్చి, నాన్న టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"అక్కడ సలంట. స్వెట్టరుందేటి?"

అమ్మ లోపలికి పరిగెత్తి పెట్టె తెరిచింది. నేను ఏడ్చేశాను. వెళ్ళమని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. స్టేషన్లో రైలు కదిలేదాకా స్వెట్టరు గురించే చెప్పాడు.

ఢిల్లీలో నాకు పతకమేమీ రాలేదు. నాకంటే బాగా కొట్టిన పిల్లలు బోలెడుమంది ఉన్నారక్కడ. జ్వరం రాలేదు, దారి తప్పలేదు. నాన్నా, మావయ్యా ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను రైఫిల్ ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. కానీ డాక్టరు ఫోను కోసం ఎదురుచూసేటప్పుడో, అల్లుడు ఇంకా ఇంటికి చేరలేదని కూతురు ఫోను చేసినప్పుడో నా మెడ నరాలు బిగుసుకుంటాయి. అప్పుడు నన్ను నేనే అడుగుతాను, అసలు తూటా ఉందా అని. ఎక్కువసార్లు ఉండదు. ఉన్నప్పుడు ఎలాగూ పేలుతుంది.

మొన్న ఊరికి అటు చివరున్న టెల్కో కాలనీ నుంచి మా మనవరాలు వచ్చింది. దానికి కొత్త రైఫిల్ వచ్చింది, నాలాగే గురి పిచ్చి. కేరళలో పోటీలట, కోచ్‌తో వెళ్తుందట, అమ్మా నాన్నా వెనక రారట. అది చెబుతుంటే నా నాలుక చివర వద్దు అనే మాట వచ్చి నిలబడింది. రైలు, దారి, జ్వరం, అన్నీ వరసగా వచ్చాయి. లేచి గేటు దాకా వెళ్ళాను. తిరిగొచ్చి దాని ఎదురుగా కూర్చున్నాను.

"స్వెట్టరుందేటే?" అన్నాను.

"అమ్మమ్మా, కేరళ మే స్వెట్టర్?" అని హిందీ కలిపి అడిగి అది పడీపడీ నవ్వింది.

నవ్వనీ. పెట్టుకోమనే చెప్పాను.