కరెంటు ఆఫీసు క్యూలో ఆఖరాయన

మామయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం నస్యం కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. క్యూ కనిపిస్తే చాలు, వెళ్ళి దాని ఆఖర్న నిలబడతాడు. నిలబడ్డవాడు అక్కడి నుంచి కదలడు. వెనక ఎవరైనా వచ్చి నిలబడితే చటుక్కున పక్కకు తప్పుకుని, "మీరు కానివ్వండి, నాకేం తొందర లేదు" అంటాడు. క్యూ ముందుకు పోతుంది గానీ ఆయన పోడు.

సిటీ బస్సులో కండక్టరుగా చేసిన రోజుల్లోనూ ఆయన తీరు ఇంతేనట. ప్రతి స్టాపులో వెనక తలుపులోంచి తల బయటికి పెట్టి, వీధి చివరిదాకా ఒకసారి చూసుకున్నాకే "రైట్ రైట్" అనేవాడట. డ్రైవరు స్టీరింగు మీద తల బాదుకునేవాడట. ఆ బస్సు ఒకసారి టైముకు చేరితే డిపోలో మిఠాయిలు పంచుకున్నారని అత్తయ్య చెబుతుంది. అందులో నిజమెంతో ఎవరికీ తెలియదు.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలికి ఇదంతా సరదాగానే ఉండేది. పెళ్ళి ఫొటోల్లో మామయ్య ఎక్కడున్నాడా అని వెతికితే ఒక మూల సగం చెవి కనిపించింది. విందు భోజనాల్లో ఆయన వంతు వచ్చేసరికి గిన్నెలో గరిటె ఒక్కటే మిగిలింది. జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్ళి, జ్వరం తగ్గాక లోపలికి అడుగు పెట్టాడు. "ఇప్పుడు బాగానే ఉన్నారుగా, మరెందుకొచ్చారు?" అని డాక్టరు అడిగితే, "వచ్చినప్పుడు బాగాలేదండీ" అన్నాడట.

సరదా అంతా కరెంటు బిల్లు దగ్గర తీరిపోయింది.

ఆ పేటలో కరెంటు ఆఫీసు కౌంటరు ఒంటిగంటకు మూస్తారు. దానికక్కడ ఒక పద్ధతి ఉంది. ముప్పావు గంట ముందే వాచ్‌మన్ షట్టరు సగానికి దించి, పురికొస కట్టిన ఒక అట్టముక్క తెచ్చి, క్యూలో ఆఖరున ఉన్నవాళ్ళ మెడలో వేస్తాడు. దాని మీద పెద్ద అక్షరాలతో "క్యూ ఇక్కడితో ఆఖరు" అని రాసి ఉంటుంది. బోర్డుకు ముందున్నవాళ్ళందరి బిల్లులూ, ఎంత ఆలస్యమైనా సరే, కట్టించుకుంటారు. బోర్డుకు వెనక వచ్చినవాళ్ళు మర్నాడు రావలసిందే. ఆ బోర్డు ప్రతి నెలా ఎవరి మెడలో పడేదో వేరే చెప్పాలా?

ఒకరోజు కోడలు స్కూటరు మీద అటుగా పోతూ చూసింది. రోడ్డు పక్కన, మెడలో అట్టముక్కతో, ఏదో సన్మానం జరుగుతున్నట్టు నవ్వుతూ నిలబడి ఉన్నాడు మామయ్య. ఆఫీసు పక్క షాపు ఆవిడ, "ఆయన మీకు తెలుసా?" అని అడిగితే, "ఎక్కడో చూసినట్టుంది" అనేసి స్కూటరు ముందుకు ఉరికించింది.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయతీ పెట్టింది.

"మామయ్యా, బిల్లు ఫోన్‌లో కట్టొచ్చు. బ్యాంకు వాళ్ళకి చెబితే వాళ్ళే కట్టేస్తారు. ఆ ఆఫీసు గోడకే మెషీను పెట్టారు, అందులో కట్టొచ్చు. చెక్కు రాసి డబ్బాలో పడేసి రావొచ్చు. ఇన్ని దారులుండగా మీరు పూటంతా అక్కడ నిలబడటం దేనికి?"

మామయ్య శ్రద్ధగా అంతా విన్నాడు.

"అన్నీ బాగున్నాయమ్మా. కానీ వాటిలో దేనికీ క్యూ లేదే!"

"ఆయనతో నీకెందుకే" అంది అత్తయ్య, "పెళ్ళిచూపులకు కూడా అందరికంటే ఆఖర్నే వచ్చారు. అప్పటికి మిగిలింది నేనే."

కోడలు ఊరుకునే రకం కాదు. ఆమెకు సొంత ఐస్‌క్రీం షాపుంది. ఏ పని చేసినా చిటికెలో అయిపోవాలంటుంది. పోయిన నెలలో ఇంటి బిల్లును ఆటోపేలో పెట్టేసింది. ఇక బిల్లు రావడం, డబ్బు దానంతటదే పోవడం, అంతే. "అయిపోయింది మామయ్యా, ఇక మీరు వెళ్ళక్కర్లేదు" అని చెప్పింది. మామయ్య, "మంచి పని చేశావమ్మా" అని మెచ్చుకుని, సంచీ చంకన పెట్టుకుని, కరెంటు ఆఫీసుకు బయల్దేరాడు.

"కట్టడానికి ఏమీ లేదు కదా, ఎక్కడికి?" అంది కోడలు తెల్లబోయి.

"ఊరికే, అలా నిలబడొద్దామని."

కోడలు అత్తయ్య వంక చూసింది. అత్తయ్య నెత్తి కొట్టుకుంది.

అసలు కథ ఆ తర్వాతి శనివారం జరిగింది. షాపులో మూడు ఫ్రీజర్ల నిండా ఐస్‌క్రీం ఉంది. ఆ రాత్రి ఒక పెళ్ళి విందుకు అది వెళ్ళాలి. షాపు పెట్టాక వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. ఇది సక్రమంగా అందిస్తే పేరొస్తుంది, చెడితే షాపు మూసుకోవలసిందే. అలాంటి వేళ నిచ్చెన భుజాన వేసుకుని లైన్‌మన్ వచ్చాడు.

"మేడం, రెండు నెలల బిల్లు కట్టలేదు. ఫ్యూజు తీయాలి."

"నేను కట్టకపోవడమేంటి? నాది ఆటోపే!" అంది కోడలు ఆ మాటకే అవమానం జరిగినట్టు.

ఫోన్ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. బ్యాంకు వాళ్ళు కార్డు మార్చాక పెట్టిన ఇంటి బిల్లుకు కొత్త కార్డే ఇచ్చింది గానీ, షాపు బిల్లు పాత కార్డు మీదే ఉండిపోయింది. ఆ కార్డు చచ్చి రెండు నెలలైంది. అక్కడికక్కడే కట్టబోతే, కనెక్షను తీసేయాల్సిన వాటిలో ఉంది కాబట్టి కౌంటర్లోనే కట్టాలని ఫోన్ మొండికేసింది.

"రెండింటిదాకా చూస్తానమ్మా" అన్నాడు లైన్‌మన్ జాలిపడి. "రసీదు తెచ్చారా సరే. లేదంటే నా చేతుల్లో లేదు. మళ్ళీ కౌంటరు తెరిచేది సోమవారమే."

సోమవారానికి ఫ్రీజర్లలో మిగిలేది పాయసం. కోడలు బిల్లు కాగితం గుప్పిట్లో పట్టుకుని స్కూటరెక్కింది.

ఆమె చేరేసరికి షట్టరు సగం దిగి ఉంది. కిటికీ దగ్గర నుంచి గేటుదాకా క్యూ, క్యూ చివర బోర్డు, బోర్డు కింద మామయ్య. ఆయన వీధి వైపే తిరిగి నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"బోర్డు వేసేశామమ్మా. సోమవారం రండి."

"బాబ్బాబు, సోమవారం దాకా ఆగితే నా కొంప మునుగుతుంది!"

"అందరూ అదే అంటారు."

 అప్పుడు వినిపించింది మామయ్య గొంతు.

"ఎక్కడికెళ్ళిపోయావమ్మా ఇంతసేపూ? రా, రా. నీ చోటు నా ముందే కదా!"

వాచ్‌మన్ గిరుక్కున తిరిగాడు. "సార్! ఇప్పటికే ముగ్గురిని దూర్చారు. ఈవిడతో నలుగురు!"

"దూర్చడమేంటయ్యా? బోర్డు మీద ఏముంది? క్యూ ఇక్కడితో ఆఖరు. ఇక్కడ అంటే నేను. నా వెనక ఒక్క పురుగైనా ఉందేమో చూడు."

వాచ్‌మన్ నిజంగానే వంగి ఆయన వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

"నా ముందు ఎంతమంది ఉండాలో మీ ఆఫీసు బోర్డు మీద రాయించలేదు" అన్నాడు మామయ్య మెత్తగా.

కోడలు ఆ ముగ్గురినీ చూసింది. చెవి మీద దువ్వెనతో సెలూన్ ఆయన. డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు. కర్ర పట్టుకున్న ఒక ముసలావిడ, ఆవిడ కోసం మామయ్య సంచీలోంచి తీసి వేసిన మడత పీట.

"ప్రతి నెలా ఇంతేనమ్మా" అన్నాడు సెలూన్ ఆయన. "పొద్దున్నే షాపు వదిలి రాలేను. ఈ పూట కూడా ఒకాయన్ని సగం గడ్డంతో కూర్చోబెట్టి వచ్చా. ఆఖర్న ఈయనుంటారు కదాని ధైర్యం."

ఎంత వెర్రిదాన్ని, అనుకుంది కోడలు. ముందుకు పోవడం చేతగాక మామయ్య వెనకపడ్డాడని ఇన్నాళ్ళూ జాలిపడింది. ఆయన వెనకొచ్చేవాళ్ళ కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు, బస్సులో నిలబడ్డట్టే. ఆమెకు గర్వంగానూ సిగ్గుగానూ కూడా అనిపించింది.

కానీ వాచ్‌మన్ కూడా తక్కువవాడు కాదు. కాసేపు గడ్డం గోక్కుని, కళ్ళు పెద్దవి చేశాడు.

"సరే సార్. క్యూలో ఉండాలంటే చేతిలో బిల్లుండాలి. మీ బిల్లు చూపించండి."

మామయ్య చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. బిల్లెక్కడిది? కోడలు ఆటోపేలో పెట్టేసిందిగా!

"లేదా?" వాచ్‌మన్ ముఖం వెలిగిపోయింది. "బిల్లు లేదంటే మీరు క్యూలో లేనట్టే. మీరు లేరంటే ఈ బోర్డు ఎప్పుడో ముందున్నాయన మెడలో ఉండాల్సింది. అంటే ఈ నలుగురూ బోర్డు వెనకవాళ్ళే. పదండి, పదండి, అందరూ సోమవారం!"

ముసలావిడ పీట మీంచి లేవబోయింది.  మామయ్య తలవంచుకోవడం కోడలు అంతకుముందెప్పుడూ చూడలేదు. తన చిటికెల తెలివి తెచ్చిపెట్టిన తంటా ఇది. ఆమె ఒక్క అడుగు ముందుకు వేసి, గుప్పిట్లోని షాపు బిల్లు మామయ్య చేతిలో పెట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాలి మామయ్యా మీకు? షాపు బిల్లు బల్ల మీద మర్చిపోయి వచ్చేశారు. ఇది ఇచ్చి పోదామనే నేను పరిగెత్తుకొచ్చా."

మామయ్య బిల్లును చూశాడు. కోడల్ని చూశాడు. మెడలో బోర్డు సరిచేసుకుని ఛాతీ విరుచుకున్నాడు.

వాచ్‌మన్‌కు ఇంకా నమ్మకం కుదరలేదు. "ఈయన మీకేమవుతారు?"

"మా మామయ్య!" అంది కోడలు, పక్క షాపుల దాకా వినిపించేట్టు.

క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు. కిటికీలోంచి గుమాస్తా తల బయటికి పెట్టాడు. "వాదన తర్వాత పెట్టుకుందురుగానీ, ముందు ఆ పీట ఆవిణ్ణి పంపండయ్యా. నా అన్నం చల్లారిపోతోంది!"

ముసలావిడ కట్టింది. నర్సు కట్టింది. సెలూన్ ఆయన కట్టి సగం గడ్డం వైపు పరుగు తీశాడు. అందరికంటే ఆఖర్న మామయ్య షాపు బిల్లు కట్టి, రసీదు కోడలి చేతిలో పెట్టాడు. బోర్డు తీసి వాచ్‌మన్‌కు అప్పగించాడు. గేటు బయటికి తల పెట్టి, వీధి ఆ చివరా ఈ చివరా చూశాడు. ఎవరూ పరిగెత్తుకు రావడం లేదు.

"రైట్ రైట్!" అన్నాడు.

షట్టరు దిగింది.

కోడలు షాపు చేరేసరికి లైన్‌మన్ నిచ్చెన మీద ఉన్నాడు. రసీదు జెండాలా ఊపుతూ వచ్చిన ఆమెను చూసి, ఎక్కిన మెట్లు ఎక్కినట్టే దిగాడు. ఆ రాత్రి పెళ్ళివారు ఐస్‌క్రీం మూడేసి కప్పులు తిన్నారు. పెళ్ళికొడుకు తండ్రి ఇంకో పెళ్ళికి అక్కడే ఆర్డరిచ్చి వెళ్ళాడు.

"మామయ్యా, ఒక్కటడుగుతా" అంది ఇంటికి వచ్చాక. "ముందు నిలబడి కూడా చోటివ్వచ్చు కదా?"

"ముందు నిలబడితే కిటికీ తప్ప ఏం కనబడుతుందమ్మా? ఆఖర్న నిలబడితే వీధంతా కనబడుతుంది."

కోడలు ఫోన్ తీసి ఇంటి బిల్లుకు ఆటోపే రద్దు చేసింది. "వచ్చే నెల నుంచి మీ బిల్లు మీ చేతికే ఇస్తా."

"మరి షాపుది?"

"షాపుది ఆటోపేనే. ఈసారి కొత్త కార్డుతో. అన్నీ మీకే వదిలేస్తే నా పరువేం కాను?"

ఆదివారం సాయంత్రం కరెంటు ఆఫీసు క్యూ మొత్తానికి షాపులో ఐస్‌క్రీం ఉచితం అని ప్రకటించింది కోడలు. సెలూన్ ఆయన వచ్చాడు, పూర్తి గడ్డం గీయించుకున్న ఖాతాదారును వెంటబెట్టుకుని. నర్సు వచ్చింది. ముసలావిడ పీటతో సహా వచ్చింది. గుమాస్తా పెళ్ళాంబిడ్డలతో వచ్చాడు. చూస్తుండగానే వీధిలోకి పెద్ద క్యూ సాగింది. దాని ఆఖర్న ఎవరున్నారో చెప్పక్కర్లేదు.

"ఏమండీ, అడుగంటుతోంది, త్వరగా రండి!" అని అత్తయ్య లోపలి నుంచి కేకేసింది.

"వాళ్ళని కానివ్వవే, నాకేం తొందర!"

చివరికి మామయ్య వంతు వచ్చింది. ఫ్రీజరులో సరిగ్గా ఒక కప్పుకు సరిపడా మిగిలింది. కోడలు అది కప్పులోకి ఎత్తి ఆయన చేతికి ఇవ్వబోతుంటే వీధి మలుపులో బూట్ల చప్పుడైంది. డ్యూటీ దిగిన వాచ్‌మన్, టోపీ చేత్తో పట్టుకుని, రొప్పుతూ పరిగెత్తుకొస్తున్నాడు. గుమ్మం ముందు ఆగి, ఖాళీ ఫ్రీజరు వంక, మామయ్య వంక చూసి నీళ్ళు నమిలాడు.

మామయ్య చటుక్కున పక్కకు తప్పుకున్నాడు.

"ఎక్కడికెళ్ళిపోయావయ్యా ఇంతసేపూ? రా, రా. నీ చోటు నా ముందే కదా!"