ఎవరూ అడగని మాట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! నా పేరు మార్తమ్మ. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే ఊళ్లలో మాదొకటి, నేను చెరుకు కోతకు పోయే కూలిదాన్ని, నాకు చదువు రాదు, నేను చెబుతుంటే మఠం సిస్టర్ గారు ఓపికగా రాసిపెడుతున్నారు. సాక్ష్యమంటే అందరూ గొంతెత్తి సంతోషంగా చెబుతారు, నాకు అంత గొంతు లేదు, నేను అలిసిపోయిన మనిషిని. కానీ దేవుడు నన్ను విడిపించిన మాట నిజం, దాన్ని కడుపులో దాచుకుంటే తప్పు గనుక చెబుతున్నాను.

హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు నేను యోసేపు ఇంటికి వచ్చాను. ఆయన ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు, పుట్టు క్రైస్తవుడు, పది మాటలకు ఒక మాట బదులు చెప్పే మనిషి. అంతకు ముందే నాకు ఒక పెళ్లయింది, ఆ మగడు నన్ను వదిలేశాడు, అందుకని వాడ పెద్దలు కూర్చుని మాకు మారుమనువు చేశారు. మా వాళ్లకు పెద్దలు సరే అంటే సరే. గుడికి అది చాలదని నాకు తర్వాతి ఆదివారం తెలిసింది. పూజలో నోట్లో పెట్టే అప్పాన్ని మేము దివ్యసత్ప్రసాదం అంటాం, దాని కోసం ముందుకు పోయి మోకరించబోతుంటే ఉపదేశి గారు, అంటే ఫాదర్ గారు రాని రోజుల్లో మాకు జపాలు నేర్పే పెద్దాయన, నన్ను పక్కకు పిలిచి, మొదటి మగడు బ్రతికుండగా ఇంకొకరితో కాపురం చేస్తే అది వ్యభిచారం కిందికి వస్తుందమ్మా, నువ్వు గుడికి రావచ్చు గానీ ప్రసాదం మాత్రం నీకు లేదు, యోసేపుకూ లేదు అని మెల్లగా చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత ఇబ్బంది పడ్డాడో నేను చూశాను.

ఆ రోజు నుంచి మొదలైంది సహోదరులారా! మా గుడిలో ఆడవాళ్లు ఎడమ పక్క కూర్చుంటారు, మగవాళ్లు కుడి పక్క. నన్ను వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదు, కానీ తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట ఒక చాప ఉంది, అది ఎవరూ చెప్పకుండానే నాదైపోయింది. అప్పటికే దాని మీద రాజమ్మ ఉంది. రాజమ్మకు గుడిలోనే, ఫాదర్ గారి చేతుల మీదుగా పెళ్లయింది, మగడు భివండి మిల్లుకు పోయి అక్కడ ఇంకొకామెతో ఉండిపోయాడు, ఈమె బతకడానికి దారిలేక పెళ్లాం చనిపోయిన ఒక మనిషి ఇంట్లో చేరింది. మేమిద్దరం ఆ చాప మీద ఏళ్లకేళ్లు కూర్చున్నాం. పండుగ వస్తే అన్నం వండడానికి, గిన్నెలు తోమడానికి మమ్మల్ని పేరుపెట్టి పిలిచేవారు. నా చెల్లెలు తన బిడ్డ జ్ఞానస్నానానికి, అంటే బాప్తిస్మానికి, జ్ఞానతల్లిగా నన్ను నిలబడమంటే, ఆ అక్క వద్దులే, ఇంకెవరినన్నా చూసుకో అని గుడి పెద్దలు దానితో అన్నారు.

ఒక మాట చెబితే మీరు నవ్వుతారేమో. పూజ లాటిన్‌లో ఉన్న రోజులే నాకు కొంచెం నయంగా ఉండేవి. ఏమంటున్నారో తెలియదు గనుక ఏం పోగొట్టుకుంటున్నానో తెలియదు. పూజ తెలుగులోకి వచ్చిన తర్వాత, ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తి 'మీరందరూ దీన్ని తీసుకుని భుజించండి' అన్న మాట మొదటిసారి నా చెవిన పడినప్పుడు, అందరూ అంటే ఎవరు అని నన్ను నేను అడుక్కున్నాను. అందరూ లేచి వరుసగా ముందుకు పోయేవారు, మేమిద్దరం కూర్చునే ఉండేవాళ్లం, పిల్లలు తిరిగి తిరిగి మా వైపు చూసేవారు. కొన్నాళ్లు నేను చెరుకు కోత వంకతో గుడికి పోవడమే మానేశాను. చేనులో ఆకు దూస్తూ దేవునితో పోట్లాడేదాన్ని.

"నాయినా, నేను ఎవరి సంసారం కూల్చలె. ఇడిసినోడు ఇడిసిపెట్టి పోయిండు, నేను ఇడువలె. నీ ఇంట్ల ఒక్క ముద్దకు నన్నెందుకు దూరం బెట్టినవ్? నేను అలిసిపోయిన."

మధ్యాహ్నం ఫ్యాక్టరీ కూత మాత్రం వినబడేది. మళ్లీ గుడికి పోయి చాప మీద కూర్చున్నాను, వేరే ఎక్కడికి పోతాను!

ఇట్లా ఉండగా మా విచారణకు, అంటే మా చుట్టుపక్కల గుళ్లన్నిటికీ, గుంటూరు వైపు నుంచి ఒక కొత్త ఫాదర్ గారు వచ్చారు. ఒక సాయంకాలం ఇళ్లు తిరుగుతూ మా గుడిసెకు వచ్చి మంచం మీద కూర్చుని, నా మొదటి పెళ్లి సంగతి చెప్పమన్నారు. పక్కనున్న ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మా వాడలో ఒక మర్యాద ఉంది, మగడు వదిలేసిన ఆడదాని దగ్గర ఆ పెళ్లి ఊసు ఎవరూ ఎత్తరు. పుండు మీద కారం చల్లినట్టని వాళ్ల భయం. ఉపదేశి గారిదీ మా వాడే గనుక ఆయన కూడా ఎన్నడూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది, అయినా ఆయన దూరపు మనిషి, మా పద్ధతులు ఎరగడు అని ఓర్చుకున్నాను.

"ముందు ఏది జరిగిందమ్మా, ఆ పెళ్లా, నీ జ్ఞానస్నానమా?" అన్నారు.

"పెండ్లే ముందు సామి. గప్పుడు నేను మార్తమ్మను గాదు, లచ్చవ్వను, నాకు పాలపండ్లు సుత ఊడలె. ఆయన నన్ను తల్లిగారింటికి తోలేసినంక గదా మా తల్లిగారి వాడంత జ్ఞానస్నానం తీసుకున్నది."

"మరి అతను?"

"ఆయనకు దేవుడెక్కడ, జ్ఞానస్నానమెక్కడ సామి!"

ఫాదర్ గారు ఉపదేశి గారిని పిలిపించి ఇద్దరికీ విప్పి చెప్పారు. జ్ఞానస్నానం లేని ఇద్దరి మధ్య జరిగిన పెళ్లి అది. వారిలో ఒకరు క్రైస్తవులై, రెండోవారు వారితో కాపురం చేయనని వెళ్లిపోతే, ఆ కట్టు విప్పే దారి తిరుసభలో, అంటే మా కతోలిక సంఘంలో, మొదటి నుంచీ ఉందట. ఈ ఒక్క మాట ఇన్నేళ్లు నేను అడగలేదే అని ఉపదేశి గారు తల పట్టుకుని కూర్చుండిపోయాడు. నా ప్రాణం లేచి వచ్చిందనుకున్నారా? లేదు, ఎందుకంటే ఫాదర్ గారు ఇంకో మాట అన్నారు. ఆ మొదటి మగణ్ణి వెతికి రెండు మాటలు అడగాలి, నువ్వు జ్ఞానస్నానం తీసుకుంటావా, లేకుంటే ఆమె దేవునికి అడ్డం రాకుండా ఆమెను శాంతిగా ఏలుకుంటావా అని. ఏలుకుంటానంటేనో అని అడిగాను. అప్పుడు యోసేపుతో పెళ్లి చేయలేనమ్మా అన్నారు. జవాబు వచ్చేదాకా మీరిద్దరూ అన్నాచెల్లెళ్ల తీరుగా వేరుగా ఉండండి అని కూడా అన్నారు.

యోసేపు తన చాప చుట్టుకుని బండ్లవాళ్ల కొట్టంలోకి పోయాడు. బాపు ఎందుకు ఇంట్లో పండుకుంటలేడని మా పిల్లలు అడిగితే, ఎడ్లకు కాపలా ఉన్నాడని చెప్పేదాన్ని. సహోదరీలారా, ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. "ప్రభువా, నీ బల్లకాడికి రానియ్యుమని ఇన్నేండ్లు ఏడ్సిన, గిప్పుడు రానియ్యకపోయినా మంచిదే, యోసేపును నాకాడ ఉంచు" అన్నాను.

కోటగిరి అవతల ఒక పల్లెలో నా మొదటి మగడు సాయిలు ఒక ఆసామి దగ్గర జీతం ఉంటున్నాడని తెలిసింది. ఉపదేశి గారు, సాక్షిగా ఇంకొక పెద్దమనిషి బయలుదేరారు. బండి ఎవరు తోలతారంటే, నేను తోలుతానన్నాడు యోసేపు. తన పెళ్లాన్ని తీసుకుపోతావా అని ఇంకొకణ్ణి అడగడానికి తన ఎడ్లనే కట్టుకుని పోయిన మనిషి ఆయన! నేను ఆ రోజు పనికి పోలేదు, గుమ్మంలో కూర్చుని దారి చూస్తూనే ఉన్నాను. పొద్దు వాలాక బండి వచ్చింది. యోసేపు ఎడ్లను విప్పి నీళ్లు పెట్టి, నా ముఖం చూడకుండా, "ఒద్దన్నడు" అన్నాడు. ఎడ్లకు గడ్డి వేయడానికి పోయాడు.

మిగిలింది మరునాడు ఉపదేశి గారు చెప్పాడు. కళ్లంలో ఉన్న సాయిలు ముందు వీళ్లు నిలబడి, లచ్చవ్వ సంగతి అడగవచ్చామంటే, అతను పని ఆపకుండానే, "ఏ లచ్చవ్వ?" అన్నాడట. ఊరు చెప్పారు, తల్లి పేరు చెప్పారు. "నాకు యాదికి లేదు. గామెను నేనేం జేసుకుంట, మీరే సూసుకోండ్రి" అన్నాడట, జ్ఞానస్నానం మాటకు కూడా తల అడ్డంగా ఊపాడట.

నేను ఏడ్చాను సహోదరులారా, సంతోషంతో కాదు. ఆ మనిషి పేరు చెప్పి నన్ను అన్నేళ్లు తలుపు దగ్గర కూర్చోబెట్టారు, ఆ మనిషికి నేను ఉన్నాననే గుర్తు లేదు! ఆ ఏడుపులోనే నాకు తెలిసింది, నన్ను కట్టుకున్నవాడు మరిచిపోయాడు గానీ నన్ను పుట్టించినవాడు మరిచిపోలేదు, ఎక్కడో గుంటూరు నుంచి ఒక మనిషిని పంపించి, మా మర్యాద తెలియని ఆ నోటితోనే అడగాల్సిన మాట అడిగించాడు. దేవునికే మహిమ!

కాగితాలన్నీ పీఠాధిపతుల వారి, అంటే బిషప్ గారి, దగ్గరికి పోయి వచ్చాక, ఒక మామూలు ఆదివారం పూజలో మా పెళ్లయింది, బాజా లేదు, పందిరి లేదు, మా పిల్లలు ముందు వరుసలో కూర్చుని చూశారు. యోసేపు, నేను పక్కపక్కన మోకరించి ప్రసాదం తీసుకున్నాం. ఆకాశం తెరుచుకుంటుందేమో అనుకున్నాను, ఏమీ కాలేదు, ఎన్నాళ్లుగానో మోసిన మోపు దించినట్టయింది, అంతే. ముందు వరుసలోని ఆడవాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. వాళ్లకు దండం. నేను మాత్రం నడుచుకుంటూ పోయి వెనుక చాప మీద రాజమ్మ పక్కన కూర్చున్నాను.

రాజమ్మకు నాకు దొరికిన దారి లేదు. ఇద్దరూ జ్ఞానస్నానం పొందినవాళ్లు, గుడిలో కట్టిన కట్టు అది, మగడు బ్రతికున్నంత వరకు విప్పడం నా చేతిలో లేదమ్మా అని ఫాదర్ గారు ఆమెకు దాచకుండా చెప్పారు. చెబుతూ ఆయన కూడా కళ్లు తుడుచుకున్నారు. అయినా ఆమె రావడం మానలేదు. ఆ రోజు ఆమె నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"నేను మర్సిపోయిన అక్కా. ఎట్లుంటది?"

"చప్పగ ఉంటది చెల్లె. నోట్లె కరిగిపోతది" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది, పూజ అయిపోయేదాకా వదలలేదు.

నన్ను విడిపించిన దేవునికి స్తోత్రం. ఇది చదువుతున్న వాళ్లలో, చప్పుడు కాకుండా వచ్చి, అందరికంటే ముందే లేచి వెళ్లిపోయే అక్కలు, అన్నలు ఉంటారు, నాకు తెలుసు. లేచి పోకండి. ఆయన్ను నమ్మండి, ఆలస్యమైనా నమ్మండి, నాకంటే ఎక్కువ ఆలస్యమైనా సరే. రాజమ్మ కోసం ప్రార్థించండి. ఎక్కడ కూర్చోవాలో తెలియకపోతే మా చాప మీదికి రండి, మేము జరుగుతాం.