అవ్వ వద్దన్న పుట్టగొడుగులు

గోదావరిఖనిలో మా వెనక క్వార్టరులో ఉండే అవ్వ మొన్న మంగళవారం పొద్దున చనిపోయింది. పాడె పట్టడానికి నలుగురు కుదరక, బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగేదాకా ఆమె కొడుకు వాకిట్లో ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఒకప్పుడు బతుకమ్మ ముందటి వానల్లో ఆ వాకిట్లో నిలబడే చోటుండేది కాదు.

మంథని అడవి నుంచి ఎవరు పుట్టగొడుగులు తెచ్చినా ముందు అవ్వకు చూపించేవారు. ఒక్కొక్కటీ వెలుతురుకు తిప్పి, కాడ విరిచి, వాసన చూసేది. మొదలు లేకుండా తెస్తే మాత్రం కోపం. "సగం కాడ తెంపుకొస్తె నేనేం చెప్పాలె? కిందిదాక తవ్వుండ్రి. అడుగున గిన్నె లెక్క ఉంటె ముట్టద్దు" అనేది. మేకలు తిన్నవి మంచివేనని ఎవరో అంటే నవ్వింది. "మేక కడుపు మేకది, నీ కడుపు నీది." ఒక్కదాని మీద అనుమానం వచ్చినా బుట్టంతా పారేయించేది. మా పిల్లలు అన్ని వానాకాలాలు దాటి పెద్దయ్యారంటే ఆ కళ్ల చలవే.

ఆమె బతికుండగా చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

అయిదేళ్ల కిందట ఒక సాయంత్రం, పక్క లైనులో ఉండే అక్క బుట్టెడు తెచ్చింది. తెల్లగా, ముద్దుగా ఉన్నాయి. అవ్వ కాడల అడుగు చూసి, "వద్దు బిడ్డా, కుక్కగొడుగులివి" అని మొత్తం గోడ పక్కన చెత్తలో కుమ్మరించి లోపలికి పోయింది. "ముసల్దానికి అన్నీ అనుమానాలే" అంటూ అక్క వాటిని మళ్లీ ఏరుకుంది. నేను అక్కడే ఉన్నాను. నాకెందుకులే అనుకున్నాను.

తెల్లారేసరికి ఆ ఇంట్లో అందరికీ వాంతులు. అక్క, వాళ్లాయన తేరుకున్నారు. వాళ్ల ఏడేళ్ల పిల్ల కూడా మర్నాడు లేచి ఆడుకుంది. నాలుగో రోజు దవాఖానలో పోయింది.

పిల్లను మట్టి చేసి వచ్చినవాళ్లు నేరుగా అవ్వ వాకిట్లోకి వచ్చారు. "నువ్వే మంచియన్నవంట గదా!" అని అక్క భర్త అరిచాడు. అవ్వ నా వైపు చెయ్యి చూపింది.

"గీ పిల్ల ఇన్నది. అడుగుండ్రి."

మా ఆయన డ్యూటీ అతని కిందే. "నేను సరిగ్గ ఇనలే" అన్నాను.

అవ్వ చెయ్యి దించుకుంది.

ఆ తర్వాత నల్లా దగ్గర ఆమె బిందెను తీసి అవతల పెట్టేవారు. ఎదురొస్తే ఉమ్మినవాళ్లూ ఉన్నారు. అవ్వ నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. కనిపిస్తే ఎప్పటిలాగే "తిన్నవా బిడ్డా?" అనేది. నేను తల వంచుకుని జల్దిగా దాటిపోయేదాన్ని.

మొన్న అవ్వను తీసుకుపోయాక నేను అక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని పాలకూర ఏరుతోంది.

"అక్కా, ఆ దినం అవ్వ వద్దన్నది. నువ్వు మల్ల ఏరుకునుడు నేను చూసిన" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "నాకెరుక లేదా చెల్లె? గా మాట ఒప్పుకుంటె నేనెట్ల బత్కాలె?"

ఆమె చేటను ముందుకు లాక్కుంది. ఆకు ఆకునూ రెండువైపులా చూసి పక్కన పడేస్తోంది. పచ్చగా, నిగనిగలాడుతున్న ఆకులు. చేట ఖాళీ అయినా ఆమె వేళ్లు ఇంకా అందులో వెతుకుతూనే ఉన్నాయి.