ఆ పాటలో అమ్మ అందుకునే చోటు

మా అమ్మ పాట అమ్మతోనే మట్టిలోకి పోయింది. ఊరికే అనే మాట కాదు ఇది. మా సంఘంలో ఎవరైనా పోతే పెట్టెలో తల దగ్గర వాళ్ల బైబిలో, పాటల పుస్తకమో పెడతారు. అమ్మ పాటల పుస్తకం పెడుతూ పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, దాని కింద ఒక క్యాసెట్ కూడా పెట్టేసింది. నాకు ఆ సంగతి మట్టి పోశాక తెలిసింది. అక్కడే, అందరి ముందే, పెద్దమ్మ మీద గయ్యిమన్నాను.

"ఏందే అట్ల అరుస్తావు? ఆమె వస్తువు ఆమెకిచ్చినా. నీ కాడ టేపురికార్డరుందా వినేదానికి?" అంది.

లేదు. ఆ మాట నిజం కాబట్టే కోపం ఇంకా ఎక్కువైంది.

ఆ క్యాసెట్‌లో ఉన్నవి ఒక అమెరికా గాయని పాటలు. అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. అక్కడి తెల్ల డాక్టరమ్మ సాయంత్రం పని అయ్యాక ఆ పాటలు పెట్టుకుని, చేతులు కడుక్కుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేదట. స్వదేశానికి వెళ్లిపోతూ టేపురికార్డరూ, ఆ క్యాసెట్టూ అమ్మ చేతిలో పెట్టి వెళ్లింది. తక్కినవాళ్లకు దుప్పట్లు, గిన్నెలు వచ్చాయి. అమ్మకు ఇది వచ్చింది.

మా ఊరు కొనకనమిట్లకు దగ్గర. వాన పడితేనే పైరు, లేకపోతే కూలి. మా నాయన బోరు లారీ మీద పనిచేసేవాడు. కర్ణాటకలో బోరంటే కర్ణాటక, తమిళనాడులో అంటే తమిళనాడు. నెలలకు నెలలు ఇంటి మొహం చూడడు. గట్టిగా వానలు పట్టాకే లారీ ఆగేది, నాయన దిగేది. అన్నాళ్ల తర్వాత మొగుడు ఇంటికొస్తే అమ్మ అనే మాట ఒకటే: "వచ్చినావా? కాళ్లు కడుక్కో." అంతే, మళ్లీ పొయ్యి వైపు తిరిగేది. ఇదేం మనిషి, ఒక నవ్వు నవ్వితే సొమ్మేం పోతుంది అని చిన్నప్పుడే నాకు అమ్మ మీద చిరాకు.

అదే అమ్మ, నాయన లేని రోజుల్లో పొద్దుగూకే వేళకు ఆ టేపు పెట్టేది. అందులో ఒక పాట ఉండేది. ఆ గాయని రెండు చరణాలు పాడి ఆగిపోతుంది. అప్పుడు ఒక బాకా లాంటి వాయిద్యం, ఇప్పుడైతే శాక్సఫోన్ అని నాకు తెలుసు, ఒక్కటే కాసేపు మోగుతుంది. సరిగ్గా అక్కడ అమ్మ తెలుగులో ఒక ముక్క పాడేది. ఎప్పుడూ అదే ముక్క. పొయ్యి ముందు కూర్చుని, తెడ్డు చేతిలో పట్టుకుని, నా వైపు చూడకుండా పాడేది. ఆ రాగం నాకు గుర్తుంది, అమ్మ మెడ వంపు గుర్తుంది, సంగటి వాసన గుర్తుంది. మాటలు మాత్రం గుర్తు లేవు. "పొద్దు" అని మొదలయ్యేది, ఆ పైన ఒక్క అక్షరం కూడా తట్టదు. గుడిలో పాడేవి కాక అమ్మ నోటి నుంచి వచ్చిన పాట లోకంలో అదొక్కటే. అదీ నా దగ్గర లేకుండా పోయింది.

పాడటం ఎందుకు మానేసిందో చెప్పాలి. మా ఊళ్లో ఆ పాటల్ని అందరూ ఇంగ్లీషు కీర్తనలే అనుకునేవాళ్లు. మిషన్ ఆసుపత్రి నుంచి వచ్చింది, తెల్లామె నిదానంగా, బాధగా పాడుతోంది, అవి దేవుని పాటలు కాక మరేమవుతాయి? ఒక మట్టల ఆదివారం పొద్దున గుడి మైకులో ఎప్పుడూ వేసే క్యాసెట్ చిక్కుపడి తెగింది. మైకు మోగకపోతే ఊరేగింపులో జనం కదలరు. సంఘపెద్ద మా వాకిట్లోకి వచ్చి, "అమ్మా, ఆ ఇంగ్లీషు దేవుని పాటలియ్యి, ఈ పూటకు నడిపిద్దాం" అన్నాడు. అమ్మ గడపలో కాసేపు నిలబడింది. తర్వాత లోపలికి పోయి తెచ్చి ఇచ్చింది.

ఇంకేం, ఊరంతా ఆ గాయని గొంతు. ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కున్నారు. ఈతమట్టలు పట్టుకున్న పిల్లలం ఆ నిదానానికి తగ్గట్టు నడవలేక ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకున్నాం. ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని "స్తోత్రం, స్తోత్రం" అంటూనే ఉంది. ఆ పాట వచ్చి, శాక్సఫోన్ మొదలైనప్పుడు నేను అమ్మ మొహంలోకి చూశాను, పాడుతుందేమోనని. అమ్మ పెదవులు బిగబట్టి నేలకేసి చూస్తోంది.

ఆ రోజు వాక్యం చెప్పడానికి గుంటూరు వైపు నుంచి ఒక పాస్టరు అయ్యగారు బస్సు దిగి వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. గుడి దగ్గరికి వస్తూనే చెవులు మూసుకున్నంత పని చేశాడు. "ఆపండి! ఎవరిదయ్యా ఈ క్యాసెట్? ఇవి దేవుని పాటలు కాదు, సరసాల పాటలు!" అని మైకులోనే అన్నాడు. అందరూ అమ్మ వైపు తిరిగారు.

"నాకేం తెల్సు అయ్యగారూ. డాక్టరమ్మ ఇచ్చింది, ఏందో దేవుని పాటలనుకున్యా. నాకు ఇంగ్లీషు యాడొస్తాది?" అంది అమ్మ.

నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, అజ్ఞానం వల్ల జరిగిందిలే అని క్షమించేశాడు. నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా మండుతూనే ఉంది. మా అమ్మను ఊరి ముందు ఏమీ తెలియనిదాన్ని చేశాడు కదా ఆ పెద్దమనిషి! అమ్మ ఆ సాయంత్రమే క్యాసెట్‌ను ట్రంకుపెట్టెలో చీరల కింద దాచేసింది. మళ్లీ పెట్టలేదు, పాడలేదు. నాయన పోయాక కూడా తియ్యలేదు, టేపురికార్డరు మూలనపడి చెడిపోయింది.

నేనిప్పుడు గిద్దలూరులో లెక్కల టీచర్ని. అమ్మ పోయాక ఆ పాట కోసం నేను పడని పాట్లు లేవు. కూనిరాగం తీస్తే పాట కనిపెట్టే సదుపాయం ఫోన్‌లో వచ్చిందని మా అబ్బాయి చెప్తే, స్టాఫ్ రూంలో తలుపేసుకుని ఫోన్‌కు పాడాను. మొదట ఏదో అయ్యప్ప భజన చూపించింది. ఇంకోసారి పాడితే సబ్బు ప్రకటన. నా గొంతు సంగతి నాకు తెలిసొచ్చింది. పట్టు వదలకుండా పాడగా పాడగా ఒకరోజు ఆ పాట దొరికింది.

దొరికిందన్న సంబరం ఎంతోసేపు నిలవలేదు. అది ఒకళ్ల పాట కాదు. వాళ్ల దేశంలో ఆ పాతపాటలు మన కీర్తనల లాంటివి, గొంతున్న ప్రతివాళ్లూ పాడి పెట్టారు. పోనీ మా గాయని ఎవరో గొంతును బట్టి పోల్చుకున్నానంటే, ఆమె కూడా ఆ పాటను ఒక్కసారి పాడి ఊరుకోలేదు. పడుచుతనంలో ఒకసారి, నడివయసులో ఒకసారి, జుట్టు నెరిశాక ఒకసారి పాడింది. అమ్మ క్యాసెట్‌లో ఉన్నది ఏది? నేను విన్నప్పుడు చిన్నపిల్లను, నా చెవిని నేను నమ్మలేకపోయాను.

కానీ వింటూ వింటూ ఆమెకు లొంగిపోయాను. స్కూలుకు పోతూ వినడం, కూర తరుగుతూ వినడం. లెక్కల మనిషిని కదా, బల్ల మీద వేలితో తాళం వేసి చూశాను. ఆమె తాళానికి ఎప్పుడూ అందదు. అందరూ వచ్చేశాక, వాయిద్యాలన్నీ కూర్చున్నాక, అప్పుడు నిదానంగా వస్తుంది. మొదట్లో నాకు భలే చిరాకు, నా క్లాసులో అయితే బయట నిలబెట్టేదాన్ని. తర్వాత అర్థమైంది, ఆమె ఆలస్యం చెయ్యడం లేదు, ఆ మాట చెప్పాలా వద్దా అని ఆలోచించుకుంటోంది. గమకాలు, గారడీలు ఏమీ ఉండవు. పక్కన కూర్చుని చెప్పినట్టే పాడుతుంది. పడుచుప్పుడు గొంతులో తేనె ఉంది. వయసు మీరాక ఆ తేనె పోయింది, కొసన కొంచెం జీర వచ్చింది. నాకు ఆ జీరే నచ్చుతుంది. పాట కూడా పెద్ద విశేషమేమీ కాదు. రావలసినవాడు రాలేదు, బల్ల మీద రెండు పళ్లేలు పెట్టి ఉన్నాయి, అంతే. ఆ కాస్తకే కూర తరగడం ఆపేసి కూర్చుంటాను.

మాటలు మాత్రం రాలేదు. ఎన్నిసార్లు విన్నా "పొద్దు" దగ్గరే ఆగిపోయాను. ఇక మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ఆ రోజుల్లో మాకూ ఆమెకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇంతకుముందు ఒకసారి ఫోన్‌లో అడిగితే, "ఊరికే అడిగితే యాడొస్తాదే? ఆ పాట మోగితే నోటికొస్తదేమో" అంది. కాబట్టి ఒక ఆదివారం మార్కాపురంలో బస్సు మారి, ఫోన్ పట్టుకుని వెళ్లాను. పెద్దమ్మ అరుగు మీద ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. క్యాసెట్ గొడవ తర్వాత మేం సరిగ్గా మాట్లాడుకుంది లేదు.

మొదట పడుచునాటి పాట పెట్టాను. "ఎవురే ఈ పిల్ల? ఇంత ఉషారేంది, పెండ్లికి పోతాందా?" అంది. రెండోది పెట్టాను. "గొంతు ఆమెదే. ఈ ఫిడేళ్ల మోతేంది, సందు లేకుండా? తీసెయ్." మూడోది పెట్టాను.

మొదటి చరణం సగం కాకుండానే పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. మిరపకాయ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. గాయని రెండో చరణం ముగించి ఊరుకుంది. శాక్సఫోన్ మొదలైంది. పెద్దమ్మ వెంటనే అందుకోలేదు. వాయిద్యం అయిపోతుందేమోనని నాకు భయం. అయిపోవచ్చే ముందు, సన్నగా, ముసలి గొంతుతో పాడింది:

"పొద్దు గుంకె, లారీ రాకపాయె, సంగటి సల్లారిపాయె…"

లారీ.

నేను ఇన్నేళ్లూ అమ్మ పాడే ఆ ముక్క ప్రభువును పిలిచేదే అనుకున్నాను. "లారీ ఏంది పెద్దమ్మా?" అన్నాను.

"లారీ అంటే లారీనే. మీ నాయన లారీ. ఆ ఇంగ్లీషుది మొగుడి కోసం ఎదురుచూసే పాటంట. మీ అమ్మ అడిగి అడిగి డాక్టరమ్మ చేత చెప్పించుకుంది. నాకొక్కదానికే చెప్పింది, ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"తెలుసా అమ్మకు? మరి ఆ రోజు అయ్యగారితో తెలియదంది కదా!"

"ఏం చెప్పమంటావే? నా మొగుడి మీద బెంగతో ఈ పాటలు ఇంటా ఉండానయ్యా అని మైకులో చెప్పాల్నా?"

గడపలో కాసేపు నిలబడి ఆ క్యాసెట్ తెచ్చిచ్చిన అమ్మ కళ్ల ముందు కనబడింది. ఇవ్వనంటే ఎందుకో చెప్పాలి. వచ్చినావా, కాళ్లు కడుక్కో అన్న అమ్మ కూడా కనబడింది. ఆ మాట అనేటప్పుడు పొయ్యి వైపు ఎందుకు తిరిగేదో నాయనకు తెలుసో తెలియదో. అరుగు మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దమ్మ నన్ను ఊరుకోమనలేదు.

"అందుకే పెట్టెలో పెట్టినా," అంది. "మీ నాయన పక్కనే కదా పండుకునేది."

కాసేపయ్యాక ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. రెండు చరణాలూ అయ్యాయి. శాక్సఫోన్ ఎత్తుకోగానే, తాళం లెక్క పెట్టుకుని, నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అప్పుడే కాదే. మీ అమ్మ ఇంకా వాకిట్లోకి చూస్తానే ఉంటాది. ఉండు."

ఉన్నాను. వాయిద్యం సగం దాటిపోయింది. అప్పుడు చెయ్యి వదిలింది.