ఖాదర్ మామూ తెలుగు అంకెల మిషన్

దయ్యాలని నమ్మే మనిషిని కాను. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం. ఇది కూడా ఇంకొకరు చెప్పుంటే నవ్వేదాన్నే.

మా అమ్మ తమ్ముడు ఖాదర్ మామూ ఎలక్ట్రానిక్స్ చదివాడు. ముత్తుకూరులో ఇంట్లోనే కూర్చుని, రైసుమిల్లుల కోసం ఒక ప్రింటింగ్ కాలిక్యులేటర్ తయారుచేశాడు. ఎన్ని బస్తాల ధాన్యమో నొక్కితే మన నెల్లూరు పుట్లలో లెక్క కట్టేలా దానికి ప్రోగ్రాం ఎక్కించాడు. కాగితం మీద అచ్చు పడేది మాత్రం ౧, ౨, ౩ అని తెలుగు అంకెల్లో. అదే ఆయన ముచ్చట. నాకు ఆ అంకెలు నేర్పింది కూడా ఆయనే.

ఆయన స్నేహితుడు ప్రసాదరావు ఆ డ్రాయింగులు మద్రాసు కంపెనీకి పట్టుకెళ్లి, అంతా తన తెలివేనని చెప్పి ఉద్యోగం కొట్టేశాడు. మిషన్ మార్కెట్లోకి రానేలేదు. మామూ ఆ మంటతోనే పోయాడు. మిగిలిన ఒక్క నమూనా మా బీరువా మీద ఉప్పుగాలికి తుప్పు పట్టింది. మోటారు కూడా ఎప్పుడో తీసేశాం.

మొన్నామధ్య నెల్లూరులో ఒక కాలేజీవాళ్లు పాత కాలిక్యులేటర్ల ప్రదర్శన పెడుతూ దాన్ని అడిగితే ఇచ్చాను. వెళ్లి చూస్తే, దాని కింద చీటీలో ప్రసాదరావు పేరు. ముఖ్య అతిథీ ఆయనే. నాకు ఒళ్లు మండిపోయింది.

"మా మామూ పేరేదీ సార్?" అన్నాను.

"ఖాదరా? స్క్రూలు బిగించినాడులేమ్మా" అని నవ్వాడు.

ఫొటో కోసం మీటలు నొక్కాడు. మోటారు లేదు, కరెంటు వైరూ లేదు. అయినా మిషన్ గరగరలాడి కాగితం కక్కింది. ఎంతొచ్చిందని ఎవరో అడిగారు. ఆయన ఏడును చూసి రెండన్నాడు. తను చేశానన్న మిషన్ అంకెలు తనకే రావు! అందరి ముందూ నేను చదివి వినిపించాను. అంత తృప్తి నాకు ఎప్పుడూ కలగలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాతి వారం ఆయన మా ఇంటికొచ్చాడు. చేతిలో షుగరు పరీక్ష చీటీ ఉంది.

"నాకు ఏ చీటీ ఇచ్చినా ఇట్టనే వస్తా ఉందమ్మా. ల్యాబులో మిషన్ మార్చినా అంతే. నేర్చుకుందామన్నా ఆ అంకెలు బుర్రకెక్కట్లేదు. నువ్వు చదివి చెప్పు."

చూశాను. అన్నీ తెలుగు అంకెలే.

"ముందు చెప్పండి. ఆ మిషన్ ఎవరిది?"

"ఖాదర్‌ది. నేను దొంగతనం చేసినాను."

కాలేజీకి వెళ్లి మిషన్ కింద పేరు కూడా మార్పించాడు. ఐనా చీటీలు మారలేదు. మామూకి అది చాలినట్టు లేదు.

ఇప్పటికీ చీటీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడతాడు. నేను ముందు అదే ప్రశ్న అడుగుతాను. ఆయన అదే జవాబు చెబుతాడు. అప్పుడు చదువుతాను.

ఇదంతా ఎలా జరుగుతోందో నాకు తెలియదు. ఆగిపోవాలని మాత్రం ఇంతవరకూ ఒక్క దువా చేయలేదు.